పులుపు లేని గోగాకు

డెబ్బై తొమ్మిది జూన్‌లో, ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. బడిపంతులు జీవరత్నం, ఆయన భార్య కృపమ్మ, ఆయన తల్లి సారమ్మ, పదహారేళ్ల కూతురు అరుణకుమారి. అయిదో మనిషి నంద్యాల నుంచి పది గంటల బస్సులో దిగిన పరంజ్యోతమ్మగారు, ఆడపిల్లల హాస్టలు వార్డెను. ఆమె భోంచేసి, పిల్లను నాలుగు మాటలడిగి, నచ్చితే సీటు రాసిచ్చి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోవాలని ఏర్పాటు. సీటొస్తే అరుణకుమారి నంద్యాలలో ఇంటరు చదువుతుంది. రాకపోతే చదువు పదో తరగతితో సరి.

ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. వంటింటి గూట్లో చిన్న గుడ్డమూట. దాని పేరు చెప్పడానికి అరుణకుమారికి సిగ్గు.

సారమ్మకు పదకొండేళ్లుగా కడుపు జబ్బు. తిన్నది నిలవదు, నిలిస్తే అరగదు. ఆసుపత్రి మందునీళ్లు సీసాలకు సీసాలు తాగింది. చివరికి ఆళ్లగడ్డ సంతలో తేనె అమ్మే చెంచయ్య ఒక ఆకు ఇచ్చాడు. "నేతిలో యేంచి చిటికెడు నాలిక మీద ఏసుకో అవ్వా. చిటికెడే. కూర జేసుకునేది కాదు" అని మరీ మరీ చెప్పాడు. అది గంజాయి ఆకు. అవ్వ చెంబు పట్టుకుని కంపచెట్ల దావ పట్టడం రోజుకు ఎనిమిదిసార్ల నుంచి రెండుసార్లకు తగ్గింది.

కానీ కొడుకు చర్చిలో సంఘపెద్ద. ప్రతి ఆదివారం బీడీ మానమని నలుగురికీ చెప్పే మనిషి. అందుకని సంత నుంచి ఆ మూటను పుస్తకాల సంచిలో దాచి తేవడం మనవరాలి పని అయింది. డైరీలో కూడా ఆ పేరు రాయలేక, ఆకు చూడటానికి గోంగూరలాగే ఉంటుంది గదా అని, ‘అవ్వకు గోగాకు బాగా పనిచేసింది’ అని రాసుకునేది.

పప్పులోకి ఆకు లేక వెతుకుతున్న కృపమ్మ చేతికి ఆ మూట తగిలింది. "ఏమ్మే, ఇందులో ఏందే?"

డైరీలోని మాటే నోటికొచ్చింది. "గోగాకు."

కాదని దిద్దబోయేసరికి నాయన, వార్డెనమ్మ గుమ్మంలోకి వచ్చారు. వాళ్లిద్దరి ముందర ఏ మాటని దిద్దాలి? నీళ్ల చెంబు తీసుకుని ఎదురు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆకు పప్పులో ఉడుకుతోంది.

"ఈ గోగాకుకు పులుపే లేదేందే" అంటూ కృపమ్మ చింతపండు పిండి, గరిటెడు నెయ్యి కాచి తాలింపు పెట్టింది.

"నాకు మజ్జిగన్నమే సాలు కృపమ్మా" అంది పరంజ్యోతమ్మ. "తొమ్మిదేండ్లాయ. నీళ్లు తాగినా అరగదు నాకు."

"ఒక్క ముద్ద తినండమ్మా. పిల్ల తెచ్చిన ఆకే."

ఆమె ఒక ముద్ద తిని, మూడుసార్లు వేయించుకుంది. మిగిలింది జీవరత్నం ఊడ్చుకున్నాడు. కృపమ్మకు గిన్నె అడుగు కూడా దక్కలేదు. కడుపునొప్పని చెప్పి అరుణకుమారి కంచం ముందే కూర్చోలేదు.

రెండు గంటలకు జీవరత్నం ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. వార్డెనమ్మ ప్రయాణం క్షేమంగా జరగాలన్నాడు. ఎందుకో అక్కడితో ఆపబుద్ధి కాలేదు. "బత్తలూరు కాడ కాపాడు ప్రభువా. గోవిందపల్లె కాడ కాపాడు. శిరివెళ్లలో దిగేటోళ్లను మెల్లగా దింపు."

"రైట్ రైట్" అంది పరంజ్యోతమ్మ కళ్లు మూసుకునే.

జీవరత్నం ఊరూరా ఆగుతూ నంద్యాల చేరాడు. అక్కడా ఆగక బండి ఆత్మకూరు దావ పట్టాడు. నవ్వితే పండ్లు అరిగిపోతాయన్నట్టుండే వార్డెనమ్మ కడుపు పట్టుకుని, కన్నీళ్లు కారేలా నవ్వుతూ, "నంద్యాల దాటిపాయె పంతులూ, నన్ను దింపు" అంది. వాళ్లమీదికి పరిశుద్ధాత్మ దిగిందనుకుని కృపమ్మ మోకాళ్ల మీద పడింది.

అప్పుడే గూడు తడుముకుని అవ్వ వచ్చింది. "పాపా, నా మందాకేదే?"

అరుణకుమారి పప్పుగిన్నె చూపించింది. అవ్వ గిన్నెను చూసి, వాళ్లిద్దరినీ చూసింది.

"మొత్తమా?"

"మూడుసార్లు ఏసుకున్న్యారవ్వా."

"నాకు రెండు నెలలొచ్చేదే" అంది అవ్వ దిగులుగా.

నాలుగు గంటల బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయేసరికి ఇద్దరూ చాప మీద గుర్రు పెడుతున్నారు.

తెల్లారాక జీవరత్నం ఎవరి మొహమూ చూడలేక చేను దావ పట్టాడు. పరంజ్యోతమ్మ సంచి సర్దుకుని వసారాలో కూర్చుంది. కృపమ్మ పెట్టిన బొరుగుల ఉగ్గాని తింటూ, కంచంలోకే చూస్తూ అంది: "ప్రార్థనలో నవ్వినా. నా బుద్ధి చెడిపాయె కృపమ్మా. ఆడపిల్లల్ని కాపాడే మనిషిని కాను నేను. పోతానే రాజీనామా రాస్తా."

కృపమ్మ కాఫీకని లోపలికి వెళ్లింది. స్తంభం వెనక నిలబడి అరుణకుమారి అంతా విన్నది. చెప్తే సీటు పోతుంది. చెప్పకపోతే ఈమె బతుకు పోతుంది. పైటకొంగు వేలికి చుట్టుకుంటూ ముందుకొచ్చింది.

"మీ బుద్ధికేం కాలేదమ్మా. అది గోగాకు కాదు."

"మరేంది?"

"గంజాయమ్మా. అవ్వ కడుపుకు. సంతలో చెంచయ్య కాడ నేనే తెచ్చినా. నేనే అబద్ధం చెప్పినా." ఆ మాట పైకి అనడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

పరంజ్యోతమ్మ ఖాళీ కంచాన్ని చూసుకుంది. ఉగ్గానితో పాటు నాలుగు మిరపకాయ బజ్జీలు కూడా అందులోనే ఉండేవి. మెల్లగా చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఎప్పటి గుడగుడ వినబడుతుందేమోనని ఆగింది. ఏమీ వినబడలేదు. లేచి నేరుగా అవ్వ గదిలోకి నడిచింది.

తిట్లు తనూ పంచుకోవాలని అరుణకుమారి తల వంచుకుని వెనకే వెళ్లింది.

"సారమ్మా," అంది పరంజ్యోతమ్మ గొంతు తగ్గించి, "ఆ చెంచయ్య మళ్లా ఏ వారం వస్తాడు?"

అంతలో వెనక పిల్ల ఉన్నట్టు చూసి, తలుపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఆడనే ఉండు. మా హాస్టలు పిల్లలు ఇట్లాంటివి వినగూడదు."

తలుపు మొహం మీదే మూసుకుంది. లోపల గడియ పడ్డాక గానీ, తనకు సీటొచ్చిందని అరుణకుమారికి తెలియలేదు.