కనుమూత ఎన్నిక

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన ఎన్నికల పద్ధతులన్నిటిలోకీ లోపమన్నది లేనిది ఒక్కటే. అది మా బాప్టిస్టు సంఘాల వార్షిక కన్వెన్షన్‌లో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి. ఈ మాట అంటున్నవాడు బుద్ధెరిగాక ఉప్పురవ్వంత అబద్ధం కూడా ఆడి ఎరుగడు కనుక, చదివేవారు గుండెల మీద చెయ్యి వేసుకుని చదువుకోవచ్చు.

పూర్వం అక్కడ చీటీల మీద ఓట్లు వేసేవారు. మనుషులకంటే చీటీలు ఎక్కువ రావడం, చీటీలకంటే కేకలు ఎక్కువ రావడం, ఒక ఏడు ఓట్ల పెట్టె తెరిస్తే అందులో బాప్తిస్మానికి తొడిగే తెల్ల అంగీలు మడతపెట్టి ఉండడం వగైరాలు జరిగాక, నిబంధనల ఉపసంఘం కూర్చుంది. (ఉపసంఘాలు కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం.) లేచేసరికి కనుమూత నిబంధన తయారైంది. దాని ప్రకారం ప్రతినిధులంతా తలలు వంచి, కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండాలి. తమకు నచ్చిన అభ్యర్థి పేరు చెవిన పడ్డప్పుడు చెయ్యెత్తాలి. ఎవరు ఎవరికి ఓటేశారో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకరి మీద ఒకరికి కోపం రాదు, సహోదర ప్రేమ వర్ధిల్లుతుంది.

మరి ఎత్తిన చేతులు లెక్కపెట్టేదెవరు? అందుకోసం చేతుల అధికారి అనే పదవి పుట్టించారు. అయితే ఆయన కళ్లు తెరుచుకుని ఉంటే, సభ మొత్తంలో ప్రార్థన చెయ్యని పాపి ఆయనొక్కడే అవుతాడని ఓ పెద్దమనిషి లేచి అభ్యంతరం చెప్పాడు. సబబుగానే ఉందనిపించి ఆయన్నీ మూసుకోమన్నారు. అప్పట్నుంచీ ఆయన చెవులతో లెక్కపెడుతున్నాడు. గంజి పెట్టిన చొక్కా చెయ్యి లేస్తే చప్పుడవుతుంది కదా. (గంజి పెట్టనివారి ఓట్ల సంగతి ఇప్పటికీ పరిశీలనలో ఉంది.) ఆయనకు సాయంగా, ప్రార్థన నడిపించే అధ్యక్షుడు వేదిక మీంచి మనోనేత్రంతో చూస్తూ, "ఆ చెయ్యి చూశాను, స్తోత్రం. ఆ వెనక చెయ్యి కూడా చూశాను, స్తోత్రం" అని ప్రకటిస్తూ ఉంటాడు. ఆ అధ్యక్షుడే మళ్లీ అభ్యర్థి కూడా కావడం కేవలం యాదృచ్ఛికం. ఈ యాదృచ్ఛికం ఏటా తప్పకుండా జరుగుతుంది.

మధ్యలో కళ్లు తెరిచినవాడికి ప్రతినిధి బ్యాడ్జీ ఊడుతుంది. తెరవనివాడు ఏం చూశాడని ఫిర్యాదు చేస్తాడు? తెరిచినవాడు చేస్తే అది పాపి సాక్ష్యం, చెల్లదు. నిబంధన వచ్చిన నాటినుంచి ఎన్నికల మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని వార్షిక నివేదికలో సగర్వంగా అచ్చు వేస్తారు.

అటువంటి సభకు ఆ ఏడు ఒక ప్లంబరు వచ్చాడు. బస్సులు వెనక్కి తిరిగే చివరి స్టాపు ఉంటుందే, దానికి అవతల ఉన్న చిన్న సంఘం ఆయనది. వాళ్ల పాస్టరు రిటైరై వెళ్లి ఏళ్లు గడుస్తున్నా కొత్తాయన రాలేదు. పాస్టర్లను పంపేది కన్వెన్షనే. ప్లంబరు తన చేత్తో కట్టిన బాప్తిస్మపు తొట్టి మాత్రం నిక్షేపంగా ఉంది. ఒక్క చుక్క కారదు. ప్రతి శనివారం నింపుతాడు, సోమవారం తీసేస్తాడు. నీళ్లున్నాయి, మునిగేవాళ్లున్నారు, ముంచేవాడే లేడు. చేపపిల్లల్ని వదిలితే కనీసం కూరకైనా పనికొస్తాయని ఆయన భార్య సలహా ఇచ్చింది.

అసలు తొందరంతా అత్తగారిది. ఆవిడ చన్నీళ్లంటే భయపడి బాప్తిస్మాన్ని వాయిదా వేస్తూ వేస్తూ ముసలిదైపోయింది. కిందటి చలికాలం రొమ్ము పట్టేసి, ఊపిరాడక మంచం పట్టి, మళ్లీ లేచి కూర్చున్నాక చన్నీళ్లకంటే భయపడాల్సినవి వేరే ఉన్నాయని తెలుసుకుంది. మునుగుతానంది. తీరా చూస్తే పాస్టరు లేడు. డాక్టరు ఇంకో చలికాలానికి హామీ ఇవ్వనన్నాడు. ప్లంబరు బయల్దేరుతుంటే ఆవిడ మంచంలోంచే పిలిచి చెప్పింది.

"చూడు అల్లుడూ, నేను మునక్కుండా పోతే అక్కడ నన్ను అడుగుతారు. నేను నీ పేరు చెప్తాను."

భార్య ఇంకా క్లుప్తంగా చెప్పింది. పాస్టరు లేకుండా గుమ్మం తొక్కొద్దంది.

కన్వెన్షన్ హాలు దగ్గర ఆయన ముందుగా బ్యాడ్జీ వరసలో నిలబడ్డాడు. బ్యాడ్జీ కావాలంటే భోజనం కూపను చూపించాలన్నారు. కూపను వరసకు వెళితే బ్యాడ్జీ చూపించమన్నారు. రెండు వరసల మధ్యా కొంతకాలం ఆత్మీయ ప్రయాణం సాగించాక, ఎవరో వదిలేసి వెళ్లిన కూపను దొరికి గట్టెక్కాడు. కార్యదర్శిని పట్టుకుని పాస్టరు కావాలన్న తన సంఘం అర్జీ గురించి అడిగితే, కార్యక్రమంలో ఉందని ఆయన చల్లగా చెప్పాడు. ఉంది నిజమే. అన్నిటికంటే అడుగున, 'ఇతరములు' అన్న చోట, ఎన్నిక తర్వాత. ఎన్నిక కాగానే ఓడినవాళ్లు అలిగి బయటికీ, గెలిచినవాళ్లు దండలు పట్టుకుని వేదిక మీదికీ పోతారు. ఇతరములు అనే ఘట్టాన్ని ప్రాణాలతో చూసినవాడు ఇంతవరకూ లేడు.

ఆ ఏడు అధ్యక్షుడికి పోటీగా సైకిలు పాస్టరు నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, ఏ సంఘానికి పిలిచినా సైకిలు మీదే వెళ్తాడని ఆయనకా పేరు. ఆయన వద్దన్నా వినకుండా కుర్రకారు నిలబెట్టారు. ఆయన కూడా ప్రభువు చిత్తమైతే చూద్దామని ఒప్పుకున్నాడు. ఓటమి ఖాయమైనవాళ్లు మాత్రమే వాడే వాక్యమది.

సరే, తలలు వంచమన్నారు. కళ్లు మూసుకోమన్నారు. అధ్యక్షుడు ప్రార్థన అందుకున్నాడు. సృష్టి ఆరంభం దగ్గర మొదలుపెట్టి, జలప్రళయం దాటి, ఆయన తన పాలనలో కట్టించిన ప్రహరీ గోడ దగ్గరికి వచ్చేసరికి ప్లంబరు చెవిన ఒక చప్పుడు పడింది. వేదిక వెనక గోడలో ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. జాయింటు దగ్గర. టేపు సరిగ్గా చుట్టలేదు. దొంగకు తాళం చప్పుడెలాగో ప్లంబరుకు అదలాగ. బిగబట్టుకు కూర్చున్నాడు, పళ్లు కొరుక్కున్నాడు, చివరికి ఆయన ఎడమ కన్ను ఆయన అనుమతి లేకుండానే తెరుచుకుంది.

పైపు కనబడలేదు గానీ హాలు కనబడింది. ఎక్కడివాళ్లక్కడ తలలు వంచి, కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అధ్యక్షుడి పేరు చదవడం అయిపోయినా ఒక్క చెయ్యీ లేవలేదు. చేతుల అధికారి చెవి రిక్కించి మరీ నిద్రపోతున్నాడు. వేదిక మీద అధ్యక్షుడు మాత్రం రెండు కళ్లూ బార్లా తెరిచి, మెడ తుడుచుకుంటూ, ఖాళీ గాలికేసి, "చూశాను, ఆ కుడి పక్క చెయ్యి చూశాను, స్తోత్రం. అబ్బో, ఆ వరసంతా... స్తోత్రం" అంటున్నాడు. అలా అంటూ అంటూ ఆయన చూపు వచ్చి ప్లంబరు ఎడమ కంటి మీద వాలింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ప్రార్థన ఒక్క క్షణం తడబడి, ఆమెన్ దగ్గరికి దూకేసింది. సగానికి మించి చేతులు లేచాయి కనుక రెండో అభ్యర్థి పేరు అడిగే అవసరం లేదని, అప్పుడే నిద్రలేచిన అధికారి ప్రకటించాడు. అధ్యక్షుడు లేచి, ఎన్నడూ లేనిది, దండలకు ముందు కాసేపు విరామమన్నాడు.

విరామంలో ఆయన స్వయంగా టీ గ్లాసు పట్టుకుని ప్లంబరు దగ్గరికి వచ్చాడు.

"వందనాలు బ్రదర్. ప్రార్థనలో తమకేమైనా దర్శనం కలిగిందా?"

"కలిగిందండి అయ్యగారూ. గోడలో పైపు కారుతోంది."

"అంతేనా? ఇంకేమైనా కనబడిందా?"

ప్లంబరు టీ ఊదుకున్నాడు. గొంతులో ఒక మాట ఉంది. అది అంటే బ్యాడ్జీ పోతుంది. బ్యాడ్జీ పోతే అర్జీ పోతుంది. అర్జీ పోతే అత్తగారు పై లోకంలో తన పేరు చెబుతుంది.

"పాస్టరు లేని సంఘం ఒకటి కనబడిందండి" అన్నాడు.

"అది పైనుంచి వచ్చిన దర్శనమే. మరి చేతులేమైనా..."

"మాకు చేతుల సంగతి తెలీదండి. కారేది ఎక్కడో, అంతవరకే చూస్తాం."

అధ్యక్షుడు ఆయన భుజం తట్టి వెళ్లాడు. విరామం తర్వాత ఇతరములు అన్నిటికంటే ముందుకు వచ్చింది. చివరి స్టాపు అవతలి సంఘానికి తగిన సేవకుడెవరని అధ్యక్షుడు అడిగి, తనే జవాబు చెప్పాడు. ఇంతటి భారానికి ఇంతటి ఆత్మీయుడే తగినవాడని సైకిలు పాస్టరును కొనియాడి, ఆ రోజే బయల్దేరమన్నాడు. సభ ముక్తకంఠంతో ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది సైకిలు పాస్టరే.

తిరుగు బస్సులో సైకిలు పైన కట్టారు, మనుషులు కింద కూర్చున్నారు. కొంతదూరం పోయాక పాస్టరు మెల్లిగా అడిగాడు.

"నా పేరు అడిగి ఉంటే నాకూ నాలుగు చేతులు లేచేవంటారా?"

"ఆయనకెన్ని లేచాయో మీకూ సరిగ్గా అన్నే లేచేవండి" అన్నాడు ప్లంబరు. అది పొగడ్త అనుకుని పాస్టరు సిగ్గుపడ్డాడు.

ఆదివారం తొట్టి నింపారు. ప్లంబరు భార్య నాలుగు బిందెల వేణ్ణీళ్లు కలిపింది. పాస్టరు అత్తగారిని పసిపిల్లలా పట్టుకుని ముంచి లేపాడు. ఆవిడ ముఖం తుడుచుకుని, వణుకుతూ, నవ్వుతూ, ఇంకో బిందె పొయ్యాల్సిందని కూతుర్ని తిట్టి, అల్లుడు బంగారమంది.

ఇక మిగిలింది ఒక చిన్న సవరణ. మొదట్లో గొప్పకు పోయి ఉప్పురవ్వంత అబద్ధం లేదన్న మాట కొట్టివేయగలరు. అత్తగారు నిజం, తొట్టి నిజం, కారిన పైపు నిజం, ఇప్పటికీ కారుతోంది. ప్లంబరు కన్ను తెరిచేసరికి హాలంతా కళ్లు మూసుకుని ఉందని రాశాను చూశారూ, అదొక్కటే నా కల్పన. హాలంతా కళ్లు తెరుచుకునే ఉంది, ఎవరి చెయ్యి లేస్తుందా అని ఒకరినొకరు చూసుకుంటూ. అధ్యక్షుడికి కొత్త కన్ను ప్లంబరుదొక్కటే. నిద్రపోయిన అధికారిని వదిలేస్తే, మూసుకున్నది సైకిలు పాస్టరు ఒక్కడే. ఆయన్నే బదిలీ చేశారు.