ఎలుగుబంటి పళ్లెం

సెలవుల్లో కూతుర్ని జూకి తీసుకెళ్లాలన్నది ఆ ఇంట్లో ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న పని. ఆ ఉదయం ఎట్టకేలకు ముగ్గురూ బయలుదేరారు. 'ఏ జంతువు ఏం తింటుంది?' అని పిల్లలకూ, తల్లిదండ్రులకూ కలిపి జూవాళ్లు ఒక కార్యక్రమం పెట్టారు. ఒక్కో కుటుంబం ఒక్కో జంతువుకు ఆహారం సిద్ధం చేసి, కళ్లారా తినిపించి రావాలి. మూడో తరగతి చదివే కూతురు రాత్రి నిద్ర కూడా పోలేదు.

తండ్రి ఆసుపత్రిలో రోగులకు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే ఉద్యోగి. వీధిలో వాళ్లు ఆయన్ని చాటుగా 'పథ్యం మాస్టారు' అంటారు. ఆయన ఎదురొస్తుంటే చేతిలో మిఠాయి పొట్లం ఉన్నవాళ్లు పక్క సందులోకి తిరుగుతారు. వారం క్రితమే ఆయన ఇంట్లో కొత్త చట్టం తెచ్చారు. పెద్దవాళ్లిద్దరూ మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు.

"ఇవాళ ఎండలో తిరగాలి కదండీ, కాస్త ఏదైనా తిని వెళ్దామా?" అని భార్య గుమ్మంలో అడిగింది.

"నోరు కట్టుకోవడం ఒకరోజుతో వచ్చే అలవాటు కాదు," అంటూ మాస్టారు తాళం వేశారు.

జూ వంటగదిలో పొడవాటి రేకు బల్లలు, తూకం యంత్రాలు, గోడవారగా కూరగాయల బుట్టలు ఉన్నాయి. పశువుల డాక్టరమ్మ అందరికీ ఏప్రాన్లు పంచింది. మాస్టారి కుటుంబానికి ముసలి ఆడ ఎలుగుబంటి వంతు వచ్చింది. ఉడికించిన గుడ్లు, చిలగడదుంపలు, అరటిపండు, తేనె పూసిన రొట్టె పళ్లెంలో సర్దారు.

"జంతువులకి ఇంత లెక్కగా ఎందుకు పెడతామో ఎవరికైనా తెలుసా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా నాన్నకి తెలుసు! మా నాన్న ఉద్యోగమే అది!" అంటూ కూతురు చెయ్యెత్తేసింది.

ఇక మాస్టారిని ఆపేవారెవరు? ఆకలి వేరు, తిండియావ వేరు అన్నారు. చిరుతిండి మనిషి బలహీనత అన్నారు. కంటి ముందున్నదల్లా నోట్లో వేసుకోకపోవడమే సంస్కారం అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత డాక్టరమ్మ అందరినీ గడ్డి గోదాము చూపించడానికి తీసుకెళ్తూ, "మీరు కాస్త పళ్లేలు చూస్తూ ఉంటారా సార్?" అని ఆయనకే కాపలా అప్పగించింది.

గది ఖాళీ అయింది. చిలగడదుంపల మీద ఇంకా ఆవిరి లేస్తోంది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. గోడ మీది బోర్డు చదివారు. పొద్దుటి మంచినీళ్లు కడుపులో ఘొల్లుమన్నాయి. ఉడికిందో లేదో చూద్దామని దుంప చివర చిన్న ముక్క తుంచారు. ఉడికింది. రెండో వైపు కూడా ఉడికిందా అని చూశారు. ఆ తర్వాత తేనె రొట్టె ఎటుపోయిందో ఆయనకే తెలియలేదు.

మూతి తుడుచుకునేలోపు అందరూ తిరిగొచ్చారు. డాక్టరమ్మ పళ్లెం చూసి నిలబడిపోయింది. అందులో గుడ్లు మాత్రమే ఉన్నాయి.

"మిగతావి ఏవి సార్?"

మాస్టారి చూపు తెరిచి ఉన్న కిటికీ మీద పడింది. "కోతి," అన్నారు. "ఇలా వచ్చి, అలా పట్టుకుపోయింది."

డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. "అయ్యో! అందులో ఎలుగుబంటి కీళ్లనొప్పుల మందు కలిపాను! కోతి తింటే ప్రాణం మీదికి వస్తుంది!"

క్షణంలో వంటగది తిరునాళ్లయింది. కాపలావాళ్లు వలలు తీసుకుని పరుగెత్తారు. బయట తిరిగే కోతుల్ని చూస్తే కబురు చెయ్యమని మైకులో చాటింపు వేశారు. "తోక ఎలా ఉంది? మొహం ఏ రంగు?" అని ఒకాయన అడిగితే, మాస్టారు చెమటలు కక్కుతూ, "మామూలు మొహమే," అన్నారు. ఇటు ఆ మందు తన కడుపులోనే ఉందని ఆయనకు భయం పట్టుకుంది. భార్య గోడవార కుర్చీలో కూలబడి ఆయనవైపు చూడను కూడా లేదు. తన పని కనిపెట్టేసిందనుకున్నారు ఆయన.

"అది చచ్చిపోతుందా నాన్నా?" కూతురు ఆయన చెయ్యి పట్టుకుని వెక్కుతోంది. "నువ్వు దాన్ని అదిలించి ఉంటే బాగుండేది కదా."

అంతలో వలలో గింజుకుంటున్న ఒక కోతిని మోసుకొచ్చారు. బుగ్గలో ఏదో దాచుకోవడమే దాని నేరం. దాన్ని పడుకోబెట్టి కడుపు కడగాలంటూ డాక్టరమ్మ మత్తుసూది సిద్ధం చేసింది. కోతి కీచుమంది. కూతురు రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"ఆపండి!" అన్నారు మాస్టారు. "దాన్ని వదిలెయ్యండి. ఆ కోతిని... నేనే."

ఇందాక చప్పట్లు కొట్టిన పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు. మాస్టారు తల ఎత్తలేకపోయారు. భూమి చీలిపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి మనసారా కోరుకున్నారు.

"నేను... దుంపలు, రొట్టె తిన్నాను. మందు సంగతి తెలియదు."

డాక్టరమ్మ సూది కింద పెట్టి ఊపిరి పీల్చుకుంది. "మందు రొట్టెలో కాదు సార్, అరటిపండులో పెట్టాను. అదీ మీరే తిన్నారా?"

"లేదండీ! పండు నేను ముట్టలేదు. ఒట్టు!"

ఎవరూ నమ్మలేదు. "నాన్నా, మళ్లీ అబద్ధం చెప్పొద్దు," అంది కూతురు నెమ్మదిగా.

"ఆయన కాదు," అని గోడవార నుంచి సన్నటి గొంతు వినిపించింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "ఆయన ఉపన్యాసం ఇస్తున్నప్పుడు అందరూ అటు చూస్తున్నారు కదా... నేనే తిన్నాను. పొద్దున్నుంచి కడుపు మాడిపోతోందండీ. అడిగితే ఆయన ఒప్పుకోరు. వారం నుంచీ ఇలాగే, ఆయన నిద్రపోయాక బిస్కెట్లు తింటున్నా."

అందరి ముందు దొంగగా నిలబడినదానికన్నా ఆ ఆఖరి మాటకే మాస్టారు ఎక్కువ కుంగిపోయారు. "చెప్పి ఉండాల్సింది," అనబోయి, తను విని ఉండేవాణ్ణి కానని ఆయనకే గుర్తొచ్చి ఊరుకున్నారు.

డాక్టరమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. "మనుషులకి ఆ మోతాదుతో ప్రమాదమేమీ లేదటమ్మా. నీళ్లు బాగా తాగండి, రెండ్రోజులు మోకాళ్లు కూడా హాయిగా ఉంటాయి," అంది. వలలోంచి బయటపడ్డ కోతి కిటికీ ఎక్కి, అందరినీ ఒకసారి తిట్టి వెళ్లిపోయింది.

మాస్టారు భార్య చేతికి నీళ్ల సీసా ఇచ్చారు. "ఇక్కడ క్యాంటీన్ ఎక్కడుందో కనుక్కొస్తాను," అన్నారు ఆమె మొహంలోకి చూడకుండానే.

"ఎలుగుబంటి తిన్నాక వెళ్దాం లెండి," అంది ఆమె. "పాపం, దానికీ ఆకలేస్తుంటుంది."

కొత్త పళ్లెం సర్దారు. ఈసారి దాన్ని కూతురే రెండు చేతులతో పొదివి పట్టుకుని నడిచింది. బోను దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "నువ్వక్కడే నిలబడు నాన్నా," అంది. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఎలుగుబంటి కూడా ఆయన మీదినుంచి చూపు తిప్పలేదు.