ఒకే తెర, నాలుగు కిటికీలు

"ఒక ఫైలు తెరిచి, చూసి, మూసి, ఇంకోటి తెరిచే చీకటి రోజులు నేటితో పోయాయి! ఇకమీదట నాలుగు శాఖల ఎక్సెల్ షీట్లూ ఒకే తెర మీద, ఒకేసారి!" అని మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. హాలంతా చప్పట్లు.

గోడంత తెర వెనక చిన్న గదిలో ఆపరేటరమ్మకి చెమటలు పట్టాయి. ఫైలు పంపింది నీళ్ల శాఖ ఒక్కటే. అదీ ఆ శాఖ గుమాస్తా, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన, భోజనం మానుకుని టైపు కొట్టింది. రోడ్లు, బడులు, ఆస్పత్రుల శాఖల నుంచి "తయారవుతోంది" అన్న కబురు మాత్రం ఆర్నెల్లుగా క్రమం తప్పకుండా వస్తోంది.

"ఒక్కటే ఉంది సార్," అంది, గదిలోకి తొంగిచూసిన మంత్రిగారి సెక్రటరీతో.

"నాలుగు కనపడాలమ్మా. ఉండాలని ఎవరన్నారు? కనపడకపోతే నీ కాంట్రాక్టు కాగితం మీద నా సంతకం కూడా కనపడదు."

ఆపరేటరమ్మ దేవుణ్ణి తలుచుకుని 'న్యూ విండో' బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. ఒకే ఫైలు నాలుగు కిటికీల్లో తెరుచుకుంది. వాటిని పక్కపక్కన సర్ది, తెర మీదికి వదిలింది. పైన శాఖల పేర్లున్న అట్టలు ముందే వేలాడుతున్నాయి.

మంత్రిగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"నాలుగింట్లోనూ గొట్టాలే ఉన్నాయే! ఆస్పత్రికి గొట్టాలెందుకయ్యా?"

"సెలైన్ ఎక్కించడానికి సార్," అన్నారు సెక్రటరీ.

"రోడ్లకి?"

"కింద నుంచి పోతాయి సార్."

"మరి బడులకి?"

"పిల్లలకి దాహం వేస్తుంది కద సార్."

మంత్రిగారు తృప్తిగా తలూపి, కీబోర్డు తెప్పించుకున్నారు. నీళ్ల శాఖ కిటికీలో గొట్టాల పక్కన 'పని జరుగుతోంది' అని ఉంటే, కొట్టేసి, ఒంటి వేలితో 'పూర్తయింది' అని కొట్టారు.

నాలుగు కిటికీల్లోనూ ఒక్కసారే 'పూర్తయింది' అని పడింది.

సెక్రటరీ కళ్లు మూసుకున్నారు. వెనక గదిలో ఆపరేటరమ్మ తన టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంది.

"చూశారా!" మంత్రిగారు తామే చప్పట్లు మొదలుపెట్టారు. "నీళ్లకి చెప్తే రోడ్లు విన్నాయి! ఆస్పత్రులూ విన్నాయి! సమన్వయం అంటే ఇదయ్యా!"

నాలుగు శాఖలకీ షీల్డులిచ్చారు. ఆపరేటరమ్మ కాంట్రాక్టు కాగితం మీద ఆ సాయంత్రమే సంతకం పడింది. ఆమె డబ్బా మళ్లీ సొరుగులోకి వెళ్లింది.

తర్వాత ఆడిట్ వాళ్లొచ్చారు. తెర ఫొటో చూసి, నాలుగు శాఖల్లోనూ 'గొట్టాలు' అన్న మాటలో ఒకే అచ్చుతప్పు ఉందని పట్టేశారు. ఎవరో ఎవరి దగ్గరో కాపీ కొట్టారు! విచారణ వేశారు. రోడ్లు, బడులు, ఆస్పత్రుల శాఖలు తాము ఎవరికీ ఏ ఫైలూ పంపలేదని ప్రమాణపూర్వకంగా చెప్పి, నిరూపించుకున్నాయి. పంపినట్టు సాక్ష్యం దొరికింది నీళ్ల శాఖ ఒక్కదాని మీదే.

మర్నాడు బాబాయ్ సంజాయిషీ అడిగిన మెమో పట్టుకుని ఆపరేటరమ్మ గదికొచ్చాడు. ఆమె తల దించుకుంది.

"నావల్లే బాబాయ్. జరిగింది జరిగినట్టు టైపు చేస్తాను, చెప్పండి."

"నీ కాంట్రాక్టు పోగొట్టుకుంటావా, పిచ్చి తల్లీ? కాపీ కొట్టామనే రాయి," అన్నాడు బాబాయ్, కుర్చీ లాక్కుని హాయిగా కాళ్లు చాపుకుంటూ. "మిగతా మూడు శాఖల ఫైళ్లూ అందాకే ఇకముందు మాది పంపుతామని హామీ కూడా ఇచ్చెయ్."