అక్కడి రాత్రి ఇక్కడ చెల్లదు

మానవుడు ఆకాశంలో ఎగరడం నేర్చుకుని చాలా కాలమైంది. ఎవరి ఆకాశంలో అన్న విషయం మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది. ఆ పరిశీలన జరిగే కార్యాలయం మా ఇంటి నుంచి రెండు బస్సులు మారితే వస్తుంది. నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచేయదు. (విమానాల శాఖ కదా, పైకి వెళ్లగలిగేవాళ్లెవరో మెట్ల దగ్గరే తేల్చేస్తారు కాబోలు.)

మా తమ్ముడి కూతురు పైలట్. మా దేశంలోనే చదివి, లైసెన్సు తెచ్చుకుని, విమానం నిండా జనాన్ని వెనక కూర్చోబెట్టుకుని వానలోనూ చీకట్లోనూ నడిపింది. ఆ కంపెనీ మూతపడింది. నేను చాలా ఏళ్లుగా ఈ దేశంలో ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను కాబట్టి, ఉద్యోగం వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. ఇక్కడి విమాన కంపెనీ ఒకటి పిల్లను పరీక్షించి, ముచ్చటపడి, "మీ లైసెన్సును ఈ దేశపు లైసెన్సుగా మార్పించుకుని రండి, చేర్చుకుంటాం" అంది.

చిన్న నియమం ఒకటుంది. పైలట్ అయినవాళ్లు ప్రతి మూడు నెలల్లో మూడుసార్లయినా విమానాన్ని పైకి లేపి కిందకు దించాలి. లేకపోతే చేయి మరిచిపోయినట్టు లెక్క. పిల్ల చివరిసారి విమానం దించి అప్పటికే రెండు నెలలు. మూడో నెల దాటితే కంపెనీ ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కాగితం లేనిదే ఇక్కడ ఎగరనివ్వరు, ఎగరకపోతే కాగితం పనికిరాదు. ఇందులో అర్థంకానిదేమీ లేదు.

"అత్తా, ఆఫీసుకు నువ్వు రాకు. నేను చూసుకుంటాలే" అంది పిల్ల.

"నాకు చదవడం వచ్చు తల్లీ" అన్నాను.

మా ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి కాగితం ఆయనే చదివి చెప్పేవారు. ఆయన పోయాక నేనే అక్షరాలు నేర్చుకున్నాను. ఇన్నేళ్లు కోల్పోయిందంతా ఒక్కసారే రాబట్టుకోవాలని, కనిపించిన బోర్డునల్లా పైకి చదువుతాను. (బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.) ఇంతటి విద్యావంతురాలు తోడుంటే పని త్వరగా అవుతుందని నా గట్టి నమ్మకం.

మొదటి కిటికీ పేరు మేఘాల సమానత్వ విభాగం.

"విదేశీ మేఘాల్లో నడిపిన గంటలు సగమే లెక్కమ్మా" అన్నాడు గుమస్తా.

"మేఘం ఎక్కడైనా మేఘమే కదండీ?"

"మీది మేం చూడలేదు కదా."

నిజమే. చూడనిదాన్ని బాధ్యత గల మనిషి ఎలా ఒప్పుకుంటాడు? నాకు అతని మీద గౌరవం కలిగింది. సగం చేసినా పిల్ల గంటలు సరిపోయాయి కాబట్టి, అతను కొంచెం నొచ్చుకుంటూనే ముద్ర వేశాడు.

రెండో గదిలో రాత్రి ధ్రువీకరణ అధికారి పట్టపగలే బల్లమీద దీపం వెలిగించుకుని కూర్చున్నాడు.

"రాత్రి నడిపానని రాశారు. టైము చూస్తే సాయంత్రం నాలుగు!"

"సార్, పైలట్లందరం ఒకే గడియారం ప్రకారం రాసుకుంటాం, ఏ దేశంలో ఉన్నా సరే. అందులో నాలుగంటే మా ఊళ్లో బాగా రాత్రి. మీ పైలట్లు కూడా అలాగే రాస్తారు."

"మావాళ్ల రాత్రి మాకు తెలిసిన రాత్రి. మీ రాత్రి సంగతి ఎవరు చెప్పాలి?"

పిల్ల పేజీ తిప్పబోయింది. నేను ఆగలేకపోయాను.

"నేను చెప్తాను బాబూ. మనకు నాలుగైతే వాళ్లకు రాత్రే. డ్యూటీ దిగి నేను ఫోన్ చేసినప్పుడల్లా మా తమ్ముడు 'నిద్ర పాడు చేశావక్కా' అని తిడతాడు."

అధికారి కలం కింద పెట్టాడు. "అంటే సాక్షి ఉన్నాడన్నమాట."

నేను గర్వంగా పిల్ల వైపు చూశాను. పిల్ల కళ్లు మూసుకుంది.

మా తమ్ముడు ఆ వేళకు నిద్రలో ఉంటాడని, ఆ నిద్ర రాత్రి వల్ల వచ్చినదే గాని బద్ధకం వల్ల వచ్చినది కాదని, అతను నిద్రపోతుండగా చూసిన ఇద్దరు పెద్దమనుషుల చేత రాయించి తెమ్మన్నాడు అధికారి.

మెట్లు దిగుతూ పిల్ల అంది: "అక్కడ సూర్యుడు ఎన్నింటికి అస్తమించాడో పక్క పేజీలోనే రాసి ఉంది అత్తా. అదే చూపించబోతున్నా."

"ముందే చెప్పొచ్చు కదే!"

"నువ్వు సందిస్తేగా?"

(ఎప్పుడు మాట్లాడకూడదో చెప్పే పాఠం నా వాచకంలో లేదు. ఉంటే అప్పజెప్పి ఉండేదాన్ని.)

తమ్ముడికి ఫోన్ చేశాను. రాత్రే.

"నేను పడుకుంటే చూడమని పెద్దమనుషుల్ని పిలవాలా? నీకేమైనా మతి పోయిందా అక్కా? పైగా బద్ధకం కాదని రాయాలా? నీ మరదలు రాయనిస్తుందా?"

మరదలు నిజంగానే అభ్యంతరం చెప్పింది. ఆమెను ఒప్పించి, పెద్దమనుషులను మేలుకోబెట్టి, తమ్ముణ్ణి నిద్రపుచ్చి, అదంతా రాయించేసరికి మూడు వారాలు పట్టింది. చివరికి అక్కడి రాత్రి కూడా చీకటిగానే ఉంటుందని ఈ ప్రభుత్వం అధికారికంగా అంగీకరించింది. లైసెన్సు చేతికిచ్చారు. ఆ రోజు గురువారం. ఆదివారంతో మూడు నెలలు నిండుతాయి. కంపెనీ వాళ్లు సోమవారం రమ్మన్నారు, మూడుసార్లు దించిన రుజువుతో.

ఇక్కడ అంత తొందరగా విమానం ఇచ్చేవాళ్లు దొరకలేదు గాని, మా ఊళ్లో పిల్లకు విమానం నేర్పిన మాస్టారు శనివారం ఉదయం ఇస్తానన్నారు. మూడుసార్లు లేపడం, మూడుసార్లు దించడం, వెంటనే తిరుగు ప్రయాణం. ఆలోచన నాదే. టికెట్ కూడా, పిల్లను ఎంపిక చేసిన కంపెనీలోనే, నేనే దగ్గరుండి కొనిపించాను. మనకు అన్నం పెట్టబోయేవాళ్లకు మన బేరం ఇవ్వడం మర్యాద కదా అని.

శుక్రవారం విమానాశ్రయంలో కౌంటర్ అమ్మాయి ఎంతో బాధగా నవ్వింది.

"ఫ్లైట్ రద్దయింది మేడం."

"ఎందుకండీ?" అంది పిల్ల.

"పైలట్ లేరు."

అత్తాకోడళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"వేరే రోజుకు మారుస్తాం మేడం. తొందర పని ఉన్నవాళ్లను ముందు పంపుతున్నాం. ప్రయాణానికి కారణం చెప్పండి."

"మీ కంపెనీలో పైలట్‌గా చేరడానికి."

అమ్మాయి తెర మీద పైకీ కిందకీ వెతికింది. "ఆ కారణం రావడం లేదండీ. వైద్యం, అంత్యక్రియలు, విహారం. ఇవే ఉన్నాయి."

"ఉద్యోగం పోవడం అంత్యక్రియల కిందకు రాదా అమ్మా?" అన్నాను.

"దానికి డెత్ సర్టిఫికెట్ అడుగుతుంది ఆంటీ."

"అయితే విహారమే పెట్టండి" అంది పిల్ల.

విహారానికి వెళ్లేవాళ్లకు తొందర ఉండదు కనుక వచ్చే గురువారానికి ఇచ్చారు. కిటికీ పక్క సీటు, రెక్క బాగా కనిపిస్తుందట.