కాపలా దగ్గు

క్రిస్మస్‌కు ముందురోజు పొద్దున, ఇంటిని భద్రంగా వదిలి వెళ్లడం ఎలాగో దేవదాస్ భార్యకు పాఠం చెబుతున్నాడు. కరీంనగర్‌లో తాను పెరిగిన చర్చిలో పండుగ చేసుకోవాలని జమున ఏళ్ల తరబడి అడుగుతోంది. మంచాన పడ్డ తల్లి ఎస్తేరమ్మను వదిలి వెళ్లలేక అతను అప్పట్లో ఆగాడు. వానాకాలంలో ఆమె పోయింది. ఇప్పుడు ఆదిలాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంటిని వదల్లేక గింజుకుంటున్నాడు. ఎస్తేరమ్మ ఉన్నన్నాళ్లూ ఆమె దగ్గుకు జడిసి పిల్లి కూడా గోడ దూకేది కాదు.

ఊరికి వెళ్లేవాళ్లు లైటు వేసి ఉంచాలని, ప్రయాణం సంగతి ఫోన్లలో పెట్టకూడదని, నమ్మకమైన పొరుగువారికి చెప్పి వెళ్లాలని పోలీసుల మైకు వీధివీధినా చెబుతోంది. దేవదాస్ మొదటి రెండూ శ్రద్ధగా పట్టుకుని మూడోది వదిలేశాడు.

"ఎవ్వలకు చెప్పకు. పక్కింటి లతీఫున్నీసా భాభీకి అసలే చెప్పకు," అన్నాడు.

"రేపు మనమిచ్చే కేకు కోసం సూస్తరు గదా."

"కేకు ఎల్లుండి తింటరు. ముందుగాల ఇల్లు నిలవాలె."

ఇంట్లో మనుషులున్నట్టు కనబడాలని గడప ముందు రెండు జతల చెప్పులు పెట్టాడు. ముందు తలుపుకు లోపల గడియ పెట్టాడు. ఆ తర్వాత పాత ఫోను బయటికి తీశాడు. డాక్టరుకు వినిపించడానికి ఒకప్పుడు తల్లి దగ్గును అందులో రికార్డు చేశాడు. చాలాసేపు దగ్గు, చివర సన్నగా ఒక్క మాట. ఆమె గొంతు లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. ఆమె పోయాక దాన్ని వినే ధైర్యం అతనికి రాలేదు. ఇంకో ఫోనులోకి ఎక్కిద్దామని జమున అంటే, వచ్చాక చూద్దామన్నాడు. చార్జరు, చిన్న స్పీకరు తగిలించి, అదే మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి, చెవులు మూసుకుని వెనక తలుపు గుండా బయటపడ్డాడు. దానికి తాళం వేసి, తాళం మీద గోనెసంచి కప్పాడు.

సాయంత్రానికి దగ్గు గోడ దాటింది. లతీఫున్నీసా గోడ దగ్గరికొచ్చి చెవి పెట్టింది. ఎస్తేరమ్మ పోయి నెలలైంది కాబట్టి ఇది కొడుకు దగ్గే అయ్యుండాలి, తల్లి జబ్బే అంటుకుని ఉండాలి. తలుపు కొడితే దగ్గు తప్ప జవాబు లేదు. భర్త ఖయ్యూం చేత ఫోన్ చేయించింది. ఎత్తితే బస్సు చప్పుడుకు ఊళ్లో లేమని తెలిసిపోతుందని దేవదాస్ కట్ చేశాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. పాపం, మాట్లాడే ఓపిక కూడా లేదని ఖయ్యూం తేల్చాడు.

పండుగ పొద్దున కేకు రాకపోయేసరికి వీధికంతా దిగులు పట్టుకుంది. జమున కూడా కనబడటం లేదని ఎదురింటి ఐలవ్వ అంది. అంటే ఇద్దరూ పడిపోయారన్నమాట. వడ్రంగి హనుమండ్లు గడ్డపార కోసం పరుగెత్తాడు. ఈలోగా ఎవరో చర్చి గ్రూపులో ప్రార్థన కోసం విన్నపం పెట్టారు. అది ఫోను మారినప్పుడల్లా జబ్బు ముదిరింది.

కరీంనగర్‌ చర్చిలో ఆరాధన ముగియబోతోంది. పాస్టరు కొత్తగా వచ్చినవాడు, వీళ్ల ముఖాలు ఎరుగడు. "మన జమునమ్మ భర్త దేవదాస్ ఆదిలాబాద్‌ల ఆఖరి గడియల ఉన్నడట. అందరు మోకరించుండ్రి," అన్నాడు బరువైన గొంతుతో. అందరితోపాటు దేవదాస్ కూడా మోకరించి కళ్లు మూసుకున్నాడు. ఆ దేవదాస్ తానేనని సగం ప్రార్థన అయ్యాక గాని తట్టలేదు. అప్పటికే జమున లేచి నిలబడింది.

"గీయన ఈడనే ఉన్నడు, పాస్టరుగారు."

పండుగ భోజనం ముట్టకుండా బస్సెక్కారు. దారిపొడుగునా జమున కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఆమె ఏళ్లపాటు ఎదురుచూసిన పండుగ అది.

ఇంటికి చేరేసరికి విరిగిన తలుపు గోడకు ఆనించి ఉంది. ఖయ్యూం, హనుమండ్లు వాకిట్లో కూర్చుని కాపలా కాస్తున్నారు. చెంచా కూడా పోలేదని చెప్పారు. దేవదాస్ నేరుగా తల్లి మంచం దగ్గరికి వెళ్లాడు. చార్జరు వైరు వేలాడుతోంది. ఫోను లేదు. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికి కాపలా పెట్టి అవ్వను పోగొట్టుకున్నానన్నాడు. జమున కోపం మరిచి పక్కన కూర్చుంది.

లతీఫున్నీసా వచ్చి కొంగు ముడి విప్పి ఫోను అతని చేతిలో పెట్టింది. "తలుపు పగిలినంక కరెంటు పోయింది, భయ్యా. చార్జింగ్ అయిపోతుంటె మా ఇంట్ల ఇన్వర్టరుకు పెడదామని తీస్కపోయిన. ముందుగాల మస్తు కోపమొచ్చింది. ఆఖర్ల ఎస్తేరమ్మ ఖాలా మాట విన్నంక బంద్ చేస్తానికి చెయ్యి రాలే. మీ ఖయ్యూం భయ్యా ఆయన ఫోన్ల గూడ ఎక్కించిండు. ఇగ పోదు."

దేవదాస్ మొదటిసారి దాన్ని చివరిదాకా విన్నాడు. దగ్గు ఆగింది. "దేవా, పండుకున్నవా బిడ్డా?" అంది అవ్వ.

"ఇంక పండుకోలే అవ్వా," అన్నాడు పైకే.

తలుపు మర్నాడు గాని కుదరదని హనుమండ్లు చెప్పాడు. ఐలవ్వ గుమ్మానికి దుప్పటి కట్టింది. దేవదాస్ వద్దన్నా వినక ఖయ్యూం గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు. దేవదాస్‌కు చాలా నెలల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

ఆదిలాబాద్ చలికి తెల్లారేసరికి ఖయ్యూంకు దగ్గు పట్టుకుంది, ఆ ఇంటికి మళ్లీ కాపలా కుదిరింది.