ఘోరసేనుడి తల్లి

ఆదివారం పొద్దున పుష్పమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తలకు పోసుకోవాలి, కోడికూర పొయ్యి మీద పెట్టాలి, అది సన్న సెగ మీద ఉడికేలోగా బాల్కనీలో ఎండకు కూర్చుని జుట్టు ఆరబెట్టుకోవాలి. వారం మొత్తంలో ఎవరూ ఆమెను ఏమీ అడగని సమయం అదొక్కటే. అడగకపోతే ఆమెకు ఒక్కోసారి దిగులుగా ఉండేది, అది వేరే సంగతి.

కూర పొయ్యెక్కింది. తువ్వాలు చుట్టుకుని హాల్లోకి వచ్చేసరికి కొడుకు యుగంధర్ ఎదురయ్యాడు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది.

"అమ్మా, అర్జెంటుగ బేగంపేట పోవాలె. ఆఫీసు బీరువా తాళం నా దగ్గరనే ఉండిపోయింది. ఫోన్ మీద ఫోన్ చేస్తున్రు."

"పో మరి. నన్నడుగుతవేంది?"

"పదింటికి నాకు యుద్ధముంది."

పుష్పమ్మ ఆశ్చర్యపోలేదు. లాలాగూడలోని ఆ ఫ్లాటులో ఏళ్ల తరబడి ఈ యుద్ధాలు నడుస్తూనే ఉన్నాయి. బెల్లు మోగితే తలుపు తీయడానికి అమ్మను పంపే కొడుకు, ట్యాబు ముందు కూర్చుంటే మాత్రం పళ్లు కొరుకుతాడని ఆమెకు తెలుసు. అది పేకలు లేని పేకాటలాంటిదని అనుకునేది.

నిజానికి దాని పేరు నల్లదీవి. తెరల మీద తప్ప ఎక్కడా లేని దీవి. కొన్ని వందలమంది తలా ఒక పాత్రను కల్పించుకుని, ఆ పాత్ర మాట్లాడినట్టూ కొట్లాడినట్టూ ఆ గ్రూపులో వంతులవారీగా రాసుకుంటారు. యుగంధర్ అక్కడ ఘోరసేనుడు. అంతకంటే పెద్ద సంగతి, ధర్మాసనం అతనిదే. ఎవరెట్లా కొట్లాడాలో రూల్స్ రాసేదీ, తీర్పు చెప్పేదీ అతనే. ఆఫీసులో తన కుర్చీ ఎవరో లాక్కుపోతే అడగలేక స్టూలు మీద సర్దుకున్న మనిషి అతను. దీవిలో దొరికిన ఆసనాన్ని రూల్స్ మీద రూల్స్ రాసి గట్టి చేసుకున్నాడు. చివరికి జనం విసిగిపోయారు. నీలజిహ్వ అనే రాణి ఆసనం కోసం సవాలు విసిరింది. ఆ రాణిని ఆడేది రాంగోపాల్‌పేట్‌లో ఉండే బ్యూలా అనే అమ్మాయి. ఈ రోజు ఓడితే ఆసనం పోతుంది. వాయిదా అడిగితే ఓడినట్టే. ఆ రూలు రాసింది కూడా యుగంధరే.

"ఆఫీసుల ఫోను లోపలికి రానియ్యరు, గేటు కాడనే పెట్టించుకుంటరు. అందుకే నేను కొట్టేదంతా ముందే రాసిపెట్టిన," అన్నాడు ట్యాబు ఆమె చేతిలో పెడుతూ. "టింగుమన్నప్పుడల్లా ఒక్కోటి పంపు. అంతే నీ పని."

"ఆమె ఏం చేస్తదో తెల్వకుండ నువ్వెట్ల రాసినవు?"

"కొట్టిన అని రాయొద్దమ్మా మా రూల్ల. కొట్టబోయిన అనే రాయాలె. దెబ్బ తాకిందా లేదా అనేది అవతలోళ్లు చెప్తరు."

"తాకలేదంటే?"

"మర్యాదున్నోళ్లు అప్పుడప్పుడు తాకిందంటరు."

"దెబ్బలాటల సుత మర్యాదేందిరా."

"దండం పెడత, జెర విను. జవాబు ఆలస్యమైతే దెబ్బ తాకినట్టే లెక్క. పంపినంక తీసేసుడు ఉండదు. నువ్వు సొంతంగ ఏం రాయకు."

రెండో బూటు లిఫ్టులో తొడుక్కున్నాడు.

పదింటికి పుష్పమ్మ మొదటిది పంపింది. ఘోరసేనుడు కాలఖడ్గం దూసి రాణి మెడ మీద వేటు వేయబోయాడు. టింగుమంది. జవాబు వచ్చింది.

"నీలజిహ్వ ఒక్క అడుగు పక్కకు వేసింది. ఖడ్గం గాలిని కోసింది. 'అనాథా, నీకు బుద్ధి చెప్పడానికి తల్లి అయినా లేకపోయింది కదా' అని నవ్వింది."

పుష్పమ్మ రెండుసార్లు చదివింది. కొన్ని తిట్లు వినగానే భగ్గుమంటాయి. కొన్ని లోపలికి వెళ్లి కూర్చోవడానికి చోటు వెతుక్కుంటాయి. ఇది రెండో రకం. పంపవలసిన రెండో వేటు సిద్ధంగానే ఉంది కానీ, తాను బతికి ఉండగా ఈ మాటకు జవాబుగా ఇంకెవరో రాసిపెట్టింది ఎందుకు పంపాలో ఆమెకు అర్థం కాలేదు. చిన్న అక్షరాలు వెతకడం ఆమెకు చేతకాదు. మైకు బొమ్మ నొక్కి నోటితోనే చెప్పింది.

"ఉన్న. నేనున్న. వాళ్ల అమ్మను, పుష్పమ్మను."

తర్వాత రాణి రాసింది: "'అసత్యం. ఘోరసేనుని కన్న మరుక్షణమే ఆ తల్లి కన్నుమూసిందని దీవి అంతటికీ తెలుసు.'" కింద ఎవరో పుణ్యాత్ములు ఘోరసేనుడి జీవిత చరిత్ర కూడా అతికించారు. యుగంధర్ స్వయంగా రాసుకున్నది. తల్లి: పురిట్లో మరణించింది. తండ్రి: శోకంతో అడవికి వెళ్లగా తోడేలు తినేసింది. పెంచినది: చీకటి.

"ఏమయ్యా, ఇటు రా," అని పిలిచింది పుష్పమ్మ.

భర్త సోమయ్య వంటింట్లోంచి ఉల్లిగడ్డ కత్తితో వచ్చాడు. రాంగోపాల్‌పేట్‌లో అతనికి కుళాయిల దుకాణం ఉంది. ఆదివారం సెలవు కనుక ఉల్లిగడ్డలు అతని వంతు.

"నేను సచ్చిపోయిన్నంట."

"ఎప్పుడు?"

"వీడు పుట్టినప్పుడే."

సోమయ్య కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "నన్ను తోడేలు తిన్నదా?"

"శోకంతో అడివికి పోయినవంట."

"శోకమైతే అడివికెందుకు పోత? దుకాణమెవరు చూస్తరు?"

"అది కాదయ్యా. ముప్పై ఏండ్లు సాకితే, పెంచింది చీకటంట. పక్క సుత మడతబెట్టడు, చీకటి పెంచిందంట. గా చీకటికి చెప్పు, రేపటిసంది టిఫిన్ డబ్బ కట్టియ్యమని."

మైకు ఆగలేదని ఇద్దరూ గమనించలేదు. మాట ఆగిన చోటల్లా రాసి పంపేసేలా యుగంధర్ తన సౌకర్యం కోసం అమర్చుకున్నాడు. శోకం, దుకాణం, టిఫిన్ డబ్బా వరుసగా యుద్ధభూమిలోకి వెళ్లిపోయాయి. దీవి మొత్తం కదిలి వచ్చింది. యుగంధర్ ఇంత గొప్ప ఎత్తు వేస్తాడని ఎవరూ ఊహించలేదని ఒకరు మెచ్చుకున్నారు.

ధర్మాసనమే కత్తి పట్టింది కనుక ఆ రోజు తీర్పరి ఆషర్. లా కాలేజీలో పాఠాలు చెబుతాడు, దీవిలో గుడ్లగూబగా ఉంటాడు. "మృతులు మాట్లాడుతున్నారు. సంజాయిషీ కావాలి," అని రాశాడు.

సోమయ్య ట్యాబు లాక్కున్నాడు. దుకాణంలో బేరగాళ్లతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. "అన్నా, ఒక్క మాట చెప్పు. మనిషిని సంపేముందు వాని పర్మిషన్ తీసుకోవాల్నా వద్దా?"

"తీసుకోవాలి. ఎవరినీ వారి సమ్మతి లేకుండా చంపరాదని ధర్మాసనం నిబంధన," అంది గుడ్లగూబ.

"నేనియ్యలే. మా ఆమె సుత ఇయ్యలే."

గుడ్లగూబ ఆలోచించింది. రెండు మరణాలూ చెల్లవని తీర్పిచ్చింది. సోమయ్య కాలరు సర్దుకున్నాడు. మరుక్షణంలో రెండో తీర్పు వచ్చింది: కాలఖడ్గం అనాథ చేతిలోనే నిలుస్తుందని ఘోరసేనుడి చరిత్రలోనే ఉంది, కనుక అది ఈ క్షణమే జారి నేల మీద పడింది.

పుష్పమ్మ ట్యాబు తిరిగి లాక్కుని మైకు ఆపేసింది. "కత్తి పడిపోయిందంట."

"ఎవరిది?"

"మనోనిది."

"మళ్ల తీసుకొమ్మను."

"మనం బతికున్నన్ని రోజులు లేవదంట."

సోమయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఇప్పుడు మనమేమన్న అడివికి పోవాల్నా?"

ఆమె గబగబా కొడుకు రాసిపెట్టిన రెండో వేటు పంపింది. అందులో ఘోరసేనుడు కాలఖడ్గాన్ని ఆకాశానికి ఎత్తాడు. లేని కత్తి ఎత్తరాదని గుడ్లగూబ కొట్టేసింది. మూడోదీ, నాలుగోదీ చూసుకుంది. అన్నింటిలోనూ కత్తే. వాడికి ఇంకేదీ చేతకాదని ఆమెకు అప్పుడే తెలిసింది. కోపం ఎటు పోయిందో, బడి గేటు దగ్గర నిలబడిన పాత పుష్పమ్మ లేచి కూర్చుంది. పిల్లవాడి మీదికి ఎవరు వచ్చినా ఆమె దగ్గర ఒకే మంత్రం ఉండేది. వాడి పిరికితనం తానే ముందు చెప్పేయడం. టీచర్లు వెంటనే కరిగిపోయేవారు.

"బిడ్డా నీలజిహ్వా," అంది మైకులో, "వాడు జెర భయస్తుడమ్మా. పైకే గట్ల కత్తులు తిప్పుతడు. బల్లి అంటేనే పానం పోతది. బాత్‌రూంల బల్లి కనవడితే ఆఫీసుకే సెలవు పెట్టిండు. వదిలెయ్యి తల్లీ."

రాణి వెంటనే ఏమీ అనలేదు. కరిగిందని పుష్పమ్మ అనుకుంది.

"నీలజిహ్వ తన ఖడ్గాన్ని ఒరలో పెట్టింది. గోడ మీద పాకుతున్న బల్లిని రెండు వేళ్లతో పట్టుకుంది. ఘోరసేనుడి మీదికి విసరబోయింది."

ఇది అన్యాయమని ఒకరిద్దరు లేచారు. వీరుడికి బల్లి భయమని రాణికి ఎట్లా తెలుస్తుంది? పాత్ర తన చెవులతో విన్నదే వాడుకోవచ్చునని ధర్మాసనం నిబంధన ఉందనీ, కన్నతల్లి యుద్ధభూమిలో నిలబడి రాణి ముఖాన చెప్పిందనీ గుడ్లగూబ గుర్తు చేసింది. అందరూ కూర్చున్నారు.

"తాకలేదని చెప్పు," అన్నాడు సోమయ్య మైకు ఆపి. "తాకిందా లేదా మనమే చెప్పాలె కదా. జల్ది."

అవును, మాట ఇప్పుడు తమ చేతిలో ఉంది. పుష్పమ్మకు ధైర్యం వచ్చింది. అబద్ధం అక్కర్లేకుండానే కొడుకును కాపాడే దారి కనిపించింది. మళ్లీ మైకు నొక్కి గట్టిగా, గర్వంగా చెప్పింది.

"తాకలే. బల్లి తాకనే లేదు. అది వచ్చేలోపల్నే మావోడు మంచమెక్కిండు."

దీవి ఎంతసేపు నవ్విందో చెప్పడం కష్టం. నవ్వుబొమ్మలు తెర మీద పొర్లుతూనే ఉన్నాయి. వాటి మధ్యలోంచి గుడ్లగూబ తీర్పు తేలింది: యుద్ధభూమి విడిచి మంచమెక్కుట పలాయనం. ఘోరసేనుడు ఓడిపోయాడు. ఆసనం ఎవరిదో కాసేపట్లో చెబుతాను.

వంటింట్లో కూర అడుగంటింది. ఎవరూ లేవలేదు.

యుగంధర్ వచ్చేసరికి అమ్మానాన్నలు సోఫాలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు, పెళ్లి ఫోటోలో కూర్చున్నట్టు. అతను నిలబడే చదివాడు. టిఫిన్ డబ్బా దగ్గర కళ్లు మూసుకున్నాడు. బల్లి దగ్గర కుర్చీ కోసం తడుముకున్నాడు.

"నా ఇజ్జత్ మొత్తం పోయింది అమ్మా. సొంతంగ రాయకు అన్న కదా."

"తర్వాత తిట్టు. ముందు నువ్వు చెప్పు," అంది పుష్పమ్మ. పొద్దుటినుంచి లోపల చోటు వెతుక్కుంటున్న మాట బయటికి వచ్చింది. "నన్నెందుకు సంపినవురా?"

యుగంధర్ చాలాసేపు బూట్ల లేసులతో పెనుగులాడాడు. ఘోరసేనుడు ఇలాంటి ప్రశ్నకు కత్తితో జవాబిచ్చేవాడు.

"నువ్వుంటే వాడు ఇల్లు దాటుతడా అమ్మా," అన్నాడు చివరికి. "యుద్ధానికి పోత అంటే, మంచు కురుస్తుంది స్వెటర్ ఏస్కో అంటవు. తిని పో అంటవు. తిన్నంక పండుకో అంటవు. వాడు కత్తి పట్టాలంటే నువ్వుండొద్దు. నాకు వేరే తొవ్వ దొరకలే."

"మరి నేను?" అన్నాడు సోమయ్య.

"అమ్మ లేకుంటే నిన్నేం చెయ్యాల్నో తెల్వలేదు నాయినా. తోడేలుకిచ్చిన."

సోమయ్య ఆలోచించి చూశాడు. అందులో అతనికి తప్పేమీ కనిపించలేదు.

పుష్పమ్మ మాత్రం కొడుకు ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తనను చంపడానికి వాడు ఎంత ఆలోచించాడో తలుచుకుంటే ఏడుపు రావాలి. వాడి పీడకలలో కూడా తాను స్వెటరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉందని తలుచుకుంటే మాత్రం, చెప్పుకోరాని తృప్తిగా ఉంది.

"స్వెటర్ ఏసుకొని సుత కొట్లాడొచ్చు కదరా," అంది మెల్లగా.

టింగుమంది. ముగ్గురూ ట్యాబు మీదికి వంగారు. గుడ్లగూబ తుది తీర్పు పెద్దగానే ఉంది. ఆసనం ఓడించినవారికి చెందుతుంది. నీలజిహ్వ విసిరిన బల్లి తాకలేదని ప్రతిపక్షమే ప్రకటించింది, కనుక ఆమె ఓడించినట్టు కాదు. ఘోరసేనుడి చేతిలోని కత్తి పడగొట్టినదీ, అతని బలహీనత బయటపెట్టినదీ, అతణ్ణి మంచం ఎక్కించినదీ ఒక్కరే. ధర్మాసనం ఇక పుష్పమ్మ గారిది.

కింద రాణి మామూలు మాటల్లో రాసింది: "ఒప్పుకుంటున్న ఆంటీ. నేను ఒక్క అడుగు పక్కకేసిన, అంతే. మిగిలిందంతా మీరే చేసిన్రు."

"అమ్మా, నాకిచ్చెయ్," అన్నాడు యుగంధర్ వెంటనే. "ఆసనం ఎవరికైన రాసియ్యొచ్చు. రూలుంది."

"చూస్తలే," అంది పుష్పమ్మ. ఆ మాట ఆమె కూరగాయల బండివాడితో అనేది. కొడుకుతో అనడం ఇదే మొదటిసారి.

అడుగంటిన కూరలో మాడనిదంతా పైనుంచి తీసి వడ్డించి, భోజనాలయ్యాక రూల్స్ అన్నీ సోమయ్య చేత పైకి చదివించుకుంది. నచ్చనివి కొట్టేయించింది. నచ్చినవి తక్కువ. కొత్తది ఒకటి చేర్చింది: అమ్మానాన్నలను చంపదలచినవారు ముందుగా వారికి ఫోన్ చేసి చెప్పవలెను. దీవి దాన్ని చప్పట్లతో ఆమోదించింది.

తీర్పును తిరిగి పరిశీలించవలసిందిగా కోరుతూ యుగంధర్ తన గదిలో తలుపు వేసుకుని, పాయింట్ల వారీగా ఒక సుదీర్ఘమైన అప్పీలు రాసి ధర్మాసనానికి సమర్పించాడు. ధర్మాసనం అప్పటికే ఫ్యాను కింద గుర్రు పెడుతోంది.