దెల్మీరో వాన

సంతియాగోలో ఆ ఉదయం ఎండ కాసింది. ఆ ఊళ్లో అది వార్తే. అత్తరులు చేసే దెల్మీరో మాత్రం ముఖం చిట్లించాడు. తన అత్తరు పేరు 'సంతియాగో వాన'. మధ్యాహ్నం చౌకులో, పండుగ వేదిక మీద అత్తరుల పోటీ. నిర్ణేత ఓటీలియా. నిరుడు అతని సీసా వాసన చూసి ఊరందరి ముందూ ఆవిడ అన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది. "చెక్క ఉంది, మిరియం ఉంది, పొగ ఉంది. వాన ఏదయ్యా?"

వానకు పుట్టిల్లులాంటి ఊళ్లో ఆ మాట పడ్డవాడికి నిద్రెలా పడుతుంది? ఏడాదంతా దేవదారు, లవంగం, మిరియం, సాంబ్రాణి కలుపుతూ, మారుస్తూ, పారబోస్తూ గడిపాడు. చివరికి ఒకే ఒక్క సీసా కుదిరింది. దాన్ని కిటికీ బయటి గట్టు మీద పెట్టి, పెళ్లికొడుకును చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"ఎన్నాళ్లకొచ్చిందో ఎండ!" అంటూ భార్య సబేలా కిటికీ రెక్క బయటికి తోసింది.

రెక్క తగిలి సీసా జారి, కింద సందులోని రాతి మెట్ల మీద పడి భళ్లుమంది. వేడెక్కిన రాయి అత్తరును ఒక్క గుక్కలో తాగి, సందంతా ఊదింది.

"సబేలా! వాన! బట్టలు లాగెయ్!" ఎదురింటి మరూషా పెద్దమ్మ కేక.

"మబ్బు తునకైనా లేదు కదా పెద్దమ్మా! అది మా ఆయన అత్తరు!"

"మీ ఆయన అత్తరు నిరుడే చూశాంలే. తుమ్ములొచ్చాయి గానీ వాన రాలేదు. ఇది అసలు సరుకు!"

సంతియాగో వాళ్లు ఆకాశాన్ని నమ్మరు. అది పూటకో మాట మారుస్తుంది. ముక్కునే నమ్ముతారు. పెద్దమ్మను చూసి వీధి వీధంతా బట్టలు లాగేసింది. అది చూసి వీధి మూలనున్న కాఫీ కొట్టతను కుర్చీలు లోపల పడేశాడు. అది చూసి తిత్తి బూరల వాళ్లు బూరలు సర్దేశారు. ఆక్టోపస్ ఉడికించే ఆవిడ రాగి కాగు మీద పట్టా కప్పేసింది. వేదిక మీద మైకులు విప్పుతున్నారు.

దెల్మీరో పరుగెత్తాడు. "ఆపండి! వాన లేదు! అది నేనే!"

"నువ్వా వానవి?" అన్నాడు మైకులవాడు. "ఇవి తడిస్తే నువ్వు పాడతావా? తప్పుకో!"

సీసా లేదు. వేదికా లేదు. దెల్మీరో చౌకు అంచున కూలబడ్డాడు.

"వచ్చే ఏడాది చూద్దాంలే," అంది వెనకే వచ్చిన సబేలా, తప్పు చేసిన గొంతుతో.

"మళ్లీ ఆవిడ చేత 'వాన ఏదయ్యా' అనిపించుకోవడానికా?"

అప్పుడే ఎదురుగా ఓటీలియా వచ్చి నిలబడింది. నడినెత్తిన సూర్యుడు. అంతకు కాస్త కింద ఆవిడ నల్ల గొడుగు.

"నీ సీసా ఏదయ్యా?"

దెల్మీరో తలెత్తాడు. గొడుగు వంక చూశాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఓటీలియా గారూ, ఆ గొడుగెందుకు వేశారు?"

"ఎందుకేమిటయ్యా, వాన..." ఆవిడ పైకి చూసింది. పొడినేల చూసింది. గాలి పీల్చుకుంటూ సందులోకి నడిచి, రాతి మెట్ల దగ్గర వంగింది. గొడుగు దానంతటదే ముడుచుకున్నట్టు ముడుచుకుంది.

"చెక్క ఉంది. మిరియం ఉంది," అంది పెద్దగా, గొడుగులతో పోగైన ఊరంతా వినేలా. "నిరుడు నేనడిగిందీ ఉంది. బహుమతి దెల్మీరోది."

"మా వీధి వాన!" మరూషా పెద్దమ్మ రొమ్ము విరుచుకుంది. "మొదట కనిపెట్టింది నేనే!"

సాయంత్రం దెల్మీరో మెడలో పతకం పడేసరికి నిజం వానే దంచికొట్టింది. 'దెల్మీరోదేలే' అనుకుని, మళ్లీ ఆరేసిన బట్టలు ఊళ్లో ఒక్కరూ తీయలేదు.